ధర చెప్పే గొంతు

కర్నూలులో నా స్నేహితురాలు ఒకామె బొంతలు కుట్టి అమ్ముతుంది. పగలు బడిలో పాఠాలు చెబుతుంది, సాయంత్రం నుంచి సూది పడుతుంది. నిరుడు చలికాలంలో ఊళ్ళో ఒక ప్రదర్శన పెడితే ఆమెకు తోడుగా మూడు రోజులు అంగట్లో కూచున్నాను. అంగడంటే రెండు బల్లలు, వెనక ఒక తాడు, తాడు మీద ఆరు బొంతలు. వచ్చినవాళ్ళతో ఆమె చాలా బాగా మాట్లాడింది. ఈ ఎరుపు ఏ చీరలోది, ఈ అంచు ఎవరి పెళ్ళినాటిది, లోపల ఎన్ని పొరలున్నాయి, ఎట్లా ఉతకాలి, అన్నీ గలగలా చెప్పింది. "ఇదెంతమ్మా?" అని ఎవరైనా అడగ్గానే మాత్రం ఆ గొంతు మారిపోయేది. చెయ్యి పోయి బొంత అంచును సర్దేది. చూపు పక్కకు తిరిగేది. "మూడు వేల రెండొందలు" అనే మాట, ఎవరినో అప్పు అడుగుతున్నట్టు, సగం లోపలే ఉండిపోయి బయటికొచ్చేది.

రెండో రోజు మధ్యాహ్నం ఒక పెద్దామె బొంతను చెంపకు ఆనించుకొని చూసి, "పాత చీరలకు మూడు వేలా! శానా పిరియం చెప్తాండావు తల్లీ" అని పోయింది. ఆమెలో కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. నా స్నేహితురాలు నవ్వి ఊరుకుంది. ఆ రాత్రి ఇంటికి ఒక బొంత తెచ్చుకొని, ముందర పరుచుకొని, లెక్క వేశాను.

ఆమె కుట్లు జానెడుకు ముప్పై ఆరు. ఆరడుగుల వరుసకు ఎనిమిది జానలు, అంటే 288 కుట్లు. నాలుగడుగుల వెడల్పులో వరుసలు 80. మొత్తం 23,040 కుట్లు. ఆమె చెప్పిన ధరకు రూపాయికి ఏడు కుట్లు పడ్డాయి. చీరల ఖర్చు, దారం ఖర్చు, అంగడి అద్దె తీసెయ్యకముందు లెక్క ఇది. పొద్దున్నే ఫోన్ చేసి చెబితే ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఎందుకు లెక్కపెట్టినావు?" అంది చివరికి. "అట్ల లెక్కపెట్టుకుంటే నేను కుట్టలేను."

బొంతకు కొత్త గుడ్డ పనికిరాదు. ఏళ్ళ తరబడి ఉతికి మెత్తబడిన నూలు చీరే కావాలి. పాలియెస్టర్ కలిసిన గుడ్డ పొరల మధ్య జారుతుంది, చెమట పీల్చదు. అందుకే ఆమె ఆదివారాలు తెలిసినవాళ్ళ ఇళ్ళకు పోయి పాత నూలు చీరలు కొనుక్కొస్తుంది. ఇప్పుడవి దొరకడమే కష్టమైపోయింది. వాటిని ఉడకబెట్టి, ఆరేసి, చిరుగులున్న చోట కత్తిరించి, నేల మీద పొర మీద పొర పరుస్తుంది. నాలుగు మూలలా కడప బండ ముక్కలు బరువు పెడుతుంది. ముడత ఒక్కటున్నా లోపల అది గడ్డలాగా మిగిలిపోయి పడుకున్నవాళ్ళ వీపుకు గుచ్చుకుంటుంది. ముందు పెద్ద కుట్లతో పొరలన్నీ కదలకుండా పట్టించి, ఆ తర్వాత ఒక అంచు నుంచి వరస పెట్టి కుట్టుకుంటూ పోతుంది. రెండు వైపుల నుంచి మొదలుపెడితే నడుమ గుడ్డ ఉబ్బుతుంది. ఇది ఆమె మొదటి బొంత పాడైనప్పుడు నేర్చుకున్న సంగతి. ఆ పాడైన బొంతను ఆమె అమ్మలేదు, పారెయ్యలేదు. ఈరోజుకీ దాని మీద కూచునే కుడుతుంది.

మా చిన్నప్పుడు ఎండాకాలంలో బొంతలు కుట్టే ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చేవాళ్ళు. పాత గుడ్డలు మనమే ఇవ్వాలి. అరుగు మీద కూచొని రెండు మూడు రోజులు కుట్టేవాళ్ళు. కూలి కింద పడో రెండు పళ్ళో జొన్నలు, మధ్యాహ్నం సంగటి, పోయేటప్పుడు ఒక పాత చీర. ఇంట్లో పసిబిడ్డ కింద వేసేది ఆ బొంతే, ముసలివాళ్ళ మంచం మీదిదీ ఆ బొంతే. దాన్ని ఎవరూ కళ అనలేదు. బహుశా అందుకే ఆ పెద్దామెకు మూడు వేలనే మాట మింగుడు పడలేదు. ఆమె ఇంట్లో బొంతలు ఎప్పుడూ ఉన్నాయి, వాటికి ధర ఎప్పుడూ లేదు.

ఇట్లాంటి బొంతలనే కళ అన్న చోటు కూడా ఉంది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక పల్లె ఉంది. బానిసలుగా పత్తి చేలల్లో పనిచేసినవాళ్ళ సంతతి అక్కడ ఉంది. ఆ ఊరి ఆడవాళ్ళు చిరిగిన పని దుస్తులు, పిండి సంచులు ముక్కలు చేసి, చలికి కప్పుకోవడానికి బొంతలు కుట్టుకునేవాళ్ళు. 1966లో అక్కడి ఆడవాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకొని అమ్మకం మొదలుపెట్టారు. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్ కళా మ్యూజియంలోనూ న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ చిత్రపటాల్లాగా గోడలకు వేలాడదీశారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వచ్చాయి. ఆ ఫోటోలు ఫోన్‌లో చూపిస్తే నా స్నేహితురాలు రంగుల గురించి ఏమీ అనలేదు. బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి కుట్టు చూసింది. "ఇది మన కుట్టే" అంది.

చేతిపనికి ధర చెప్పుకోవలసింది ఆమె ఒక్కతే కాదు. నెలకు రెండుసార్లు నేను కర్నూలు నుంచి కడపకు బస్సులో పోతాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా ఆ దారి. సుంకేశుల దగ్గర తుంగభద్రలో బయలుదేరిన కె.సి. కాలువ కూడా కడప దాకా వస్తుంది. 19వ శతాబ్దంలో ఒక ఇంగ్లీషు కంపెనీ లాభం కోసం తవ్వించి, లాభం రాక 1882లో ప్రభుత్వానికి అమ్ముకున్న కాలువ అది. కాలువ నీళ్ళు అందినచోట వరి ఉంటుంది. అందనిచోట జొన్న, శనగ, ఎర్రగా ఎండిన గట్లు. వాన మీద పూర్తిగా ఆధారపడలేని ఈ నేలలో చాలా ఊళ్ళలో ఏదో ఒక చేతిపని బతికింది. ఆ చేతిపనుల్లో మూడు నా బస్సు దారిలోనో, దానికి దగ్గర్లోనో ఉన్నాయి.

ఆళ్ళగడ్డ వచ్చిందని కండక్టరు చెప్పనక్కర్లేదు. రోడ్డు పక్కన సగం చెక్కిన నందులు, ఇంకా ముఖం రాని దేవతలు, రాతి దుమ్ముతో తెల్లబడిన చెట్లు కనిపిస్తాయి. అక్కడి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. నా భర్త చదువుకునే రోజుల నుంచి ఎరిగిన శిల్పి ఒకాయన అక్కడున్నాడు. మేమిద్దరం ఆయన్ను అన్నా అనే పిలుస్తాం. ఆయన పనితీరులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది రాయిని వినడం. ఉలి వెనకతో కొట్టి చెవి పెడతాడు. గంటలాగా మోగే రాయి పురుష శిల, తాళంలాగా మెత్తగా పలికేది స్త్రీ శిల, మోగనిది రెండూ కానిది అని శిల్పశాస్త్రం చెబుతుంది. "శాస్త్రం సంగతి అట్లుంచమ్మా, మోగకపోతే లోపల పగులుందని అర్థం" అంటాడాయన. తర్వాత తాళమానం. ముఖం పొడవు ఒక తాళం. దాన్నిబట్టే మెడ, రొమ్ము, మోకాలు, పాదం. ఆ కొలతలు గీసిన గీతలు రాయి మీద ఎర్రగా కనిపిస్తుంటాయి. కళ్ళు అన్నిటికంటే చివర.

ధర అడిగితే ఆయన గొంతు తగ్గదు. "ఎన్నడుగులు? నిలబడిందా, కూచున్నదా? గుళ్ళోకా, ఇంటికా?" అని అడిగి, నేల మీద సుద్దముక్కతో ఏదో రాసి, అంకె చెప్పి, ఎదుటివాళ్ళ మొహంలోకి చూస్తాడు. బేరమాడితే వింటాడు కానీ మారడు. నేను దాన్ని మగవాడి ధైర్యమనుకున్నాను చాలా ఏళ్ళు. ఒకసారి షెడ్డు వెనక్కి తీసుకుపోయి చూపించాడు. అక్కడ గోడ వెంట చిటికెన వేలు విరిగిన లక్ష్మి, చెవి అంచు లేచిపోయిన వినాయకుడు, పీఠం దగ్గర సన్నటి చీలిక వచ్చిన ఆంజనేయుడు ఉన్నారు. విరిగిన విగ్రహం పూజకు పనికిరాదు. మూడు నెలల పని ఒక్క దెబ్బతో అక్కడికి చేరుతుంది. "ఇవి కూడా ఆ ధరలోనే ఉండాయి కదమ్మా, కొనేవాళ్ళకు కనపడవు" అన్నాడు. ఇప్పుడు రాతిని కోసే యంత్రాలొచ్చి పెద్ద పని తగ్గింది, దుమ్ము పెరిగింది. ముక్కుకు గుడ్డ కట్టుకోమని నేను పోయినప్పుడల్లా చెబుతాను. మా ముందర కట్టుకుంటాడు.

మైదుకూరు దగ్గరి వనిపెంట ఇత్తడి సామాన్లకు పేరున్న ఊరు. ఇత్తడి బిందె ధరలో దాపరికం లేదు: లోహం ఇంత తూకం, పైన మజూరీ ఇంత. పాత బిందె ఇస్తే లోహం వరకూ తగ్గుతుంది, మజూరీ తగ్గదు. బొంతకు, చీరకు కూడా అట్లా విడిగా రెండు అంకెలు రాసి పెడితే ఎట్లుంటుందా అని బస్సు మైదుకూరులో ఆగిన ప్రతిసారీ అనుకుంటాను.

కడప దాటి ఒంటిమిట్ట వైపు పోతే మాధవరం. మాధవరం చీరలంటే మా జిల్లాల్లో ఆడవాళ్ళకు పరిచయం చెయ్యనక్కర్లేదు. అక్కడ నా డిగ్రీ సహాధ్యాయి ఒకతను నేస్తాడు, భార్య కండెలు చుడుతుంది. గుంత మగ్గం. వేసవిలో ఎండకు నూలు పెళుసెక్కి పోగులు తెగుతాయి. గుంతలో కూచొని నేలకు దగ్గరగా నేస్తే భూమిలోని చెమ్మ పడుగుకు అందుతుందని, పెద్దవాళ్ళు మగ్గాన్ని అందుకే నేలలోకి దించారని అతనే చెప్పాడు. ఏప్రిల్, మే నెలల్లో తడి గోనెపట్టాలు పడుగు కింద పరుస్తాడు. వానాకాలంలో దీనికి తిరుగుడు: గుంతలోకి నీళ్ళూరతాయి, వీధిలో పడుగు చాపి గంజి పెట్టడానికి వీలుండదు, వారాల తరబడి మగ్గం ఆగిపోతుంది. ఎండైనా వానైనా పోగులు అతకడం మాత్రం తప్పదు. ఒక పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులు వేలకు వేలు ఒక్కొక్కటే పాత కొసలకు వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. ఆ పని చేసే ఆడవాళ్ళ బొటనవేలూ చూపుడువేలూ చూస్తే చర్మం నున్నగా అరిగిపోయి ఉంటుంది.

మా ప్రాంతంలో చాలామంది నేతగాళ్ళకు తమ చీర ధర తామే చెప్పే అవకాశం ఎన్నడూ లేదు. నూలూ జరీ సావుకారువి, డిజైను సావుకారుది, చీర సావుకారుది. నేసినవాడికి చీరకింత కూలి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ళ సహకార సంఘం నిలబెట్టింది ఈ కట్టు తెంచడానికే. నూలు సంఘం ఇస్తుంది, నేసిన గుడ్డ సంఘమే అమ్ముతుంది, లాభం సంఘంలోనే ఉంటుంది. 1954లో, పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే, ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఎమ్మిగనూరు దుప్పట్లు కప్పుకొని పెరిగిన తరం మాది. దుప్పటి మీద ధర ముద్ర వేసుండేది, ఎవరూ బేరమాడేవాళ్ళు కాదు. ఒక మనిషి గొంతు వణికేచోట వందల మంది కలిసి ఒక్క అంకె చెప్పడం ఎంత పెద్ద పనో అప్పుడు నాకు తెలీదు.

నా సహాధ్యాయి ఆరేళ్ళ కిందట సావుకారు దగ్గర మానేసి సొంతంగా అమ్మడం మొదలుపెట్టాడు. చీర ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. అంగడి లేదు, ప్రదర్శన లేదు, ఫోనే అంగడి. కష్టాలు కొత్త రకంవి. ఫోన్‌లో ఆకుపచ్చ నీలంగా కనిపించిందని చీర వెనక్కి వస్తుంది. పవర్‌లూమ్ మీద అదే డిజైను సగం ధరకు వస్తుంది. కొన్ని రకాల వస్త్రాలను చేమగ్గానికే ప్రత్యేకిస్తూ 1985లో చట్టం చేశారు, ఇప్పుడా జాబితాలో 11 రకాలున్నాయి. కానీ కొనేవాళ్ళకు తేడా తెలిస్తే కదా. అతను ఒక ఉపాయం చెబుతాడు. చీర అంచుల్లో సన్నటి సూది గుచ్చుల జాడలు వెతకమంటాడు. నేసేటప్పుడు బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా అడ్డంగా బిగించే పుల్ల కొసల్లోని ముళ్ళ గుర్తులవి. "అది చినుగు కాదు, నా సంతకం" అని ఒక కొనుగోలుదారుకు రాసి పంపడం చూశాను. పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళలోకి పోవాలంటే 2023 అక్టోబరు దాకా ఎంత చిన్న వ్యాపారికైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. ఆ తర్వాతే, సొంత రాష్ట్రంలో మాత్రం అమ్ముకునే చిన్నవాళ్ళకు దాన్నుంచి విడుపు దొరికింది. ఇతను ఇంకా ఫోన్‌తోనే ఉన్నాడు. కొనేవాళ్ళతో మాట్లాడటం అలవాటైందట.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నాలుగేళ్ళ కిందట మా ఇంట్లో పెళ్ళికి పెట్టుబడి చీరలు ఎనిమిది కావలసి వచ్చి మాధవరం పోయాను. చీరలు ఎంచుకొని, నవ్వుతూ, "మనోళ్ళకు ఎంతకిస్తావు?" అన్నాను. బయటి అంగట్లో నేనెప్పుడూ ఆ మాట అనలేదు. స్నేహమే నా చేత అనిపించింది. అతను ఒక నిమిషం ఆలోచించి అంకె చెప్పాడు. తక్కువే. సంతోషంగా మోసుకొచ్చాను, అందరికీ చూపించాను, మా స్నేహితుడు నేశాడని గొప్పగా చెప్పుకున్నాను. ఏడాది తర్వాత పోయినప్పుడు అతను ఊళ్ళో లేడు. అతని భార్య రాట్నం ముందు కూచొని కండెలు చుడుతూ మాటల్లో మాటగా అంది: "మీ చీరలకు ఆయన కూలి రాసుకోలేదులే అక్కా. నూలు డబ్బులొస్తే చాలన్నాడు." ఆమె దెప్పలేదు. మాకు నువ్వెంత దగ్గరదానివో చెప్పాలనుకుంది. నాకు మాత్రం ఆ రాట్నం చప్పుడు కింద కూచోవడం కష్టమైపోయింది. ఎనిమిది చీరలు. చీరకు నాలుగు రోజులు. అతను ఒక నెల, ఆమె ఆ నెలలో సగం, నా ఇంటి పెళ్ళికి ఊరికే పనిచేశారు. నేను దాన్ని ఆదా అనుకున్నాను.

ఆ డబ్బు తర్వాత ఇవ్వబోతే అతను తీసుకోలేదు, నొచ్చుకున్నాడు కూడా. అప్పటి నుంచి చేతిపని చేసే స్నేహితుల దగ్గర కొనేటప్పుడు నేను ధర అడగడం ఆపి, వాళ్ళు చెప్పేదాకా చూస్తున్నాను. ఆ క్షణంలో వాళ్ళ మొహంలోకి సూటిగా చూడను. మగ్గం వైపో, సూది వైపో చూస్తాను. వాళ్ళు చెప్పేముందు ఒక చిన్న మౌనం ఉంటుంది. మనిషి దగ్గరదైనకొద్దీ ఆ మౌనం పెద్దది. అందులో వాళ్ళు పనికీ స్నేహానికీ మధ్య కొట్టుకులాడుతున్నారని నాకిప్పుడు తెలుసు. ఆ తగువు వాళ్ళింటికి తెచ్చిపెట్టేది మా లాంటి ఆప్తులే.

అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆమె నూలు చీరలు తొమ్మిది ఇనప్పెట్టెలో ఉండిపోయాయి. కట్టుకుందామంటే చిరుగుతున్నాయి, ఇచ్చెయ్యడానికి మనసు రాలేదు. మొన్న ఉగాది ముందు వాటిని మూటగట్టి కర్నూలులో నా స్నేహితురాలి ఇంటికి తీసుకుపోయాను. ఆమె ఒక్కొక్క చీర విప్పి వెలుతురుకు పట్టి చూసింది. నీలం గళ్ళ చీర కుచ్చిళ్ళ దగ్గర బాగా అరిగింది, అది లోపలి పొర అన్నది. మామిడిపండు రంగుది పైకి. ఒక చీర కొంగులో అమ్మ వేసుకున్న చిన్న అతుకుంది. దాన్ని వేలితో తడిమి, "ఇది కత్తిరించను" అన్నది.

నాలుగు నెలలు పట్టింది. బడి పరీక్షలొచ్చాయి, ఎండలొచ్చాయి, ఆమె కంటికి కొత్త అద్దాలొచ్చాయి. నేను ఫోన్ చెయ్యలేదు. శ్రావణంలో ఒక సాయంత్రం రమ్మంది. బొంత మంచం మీద పరిచి ఉంది. మామిడిపండు రంగు మీద తెల్లటి వరుసలు, అంచు దగ్గర అమ్మ అతుకు, దాని చుట్టూ ఆమె కుట్లు ఎక్కడా దాటకుండా ఆగి, పక్కకు తిరిగి, మళ్ళీ కలుసుకున్నాయి. నేను చాలాసేపు చేత్తో తడుముతూ నిలబడ్డాను. ఆమె వంటింట్లోకి పోయి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

తర్వాత ఆ మౌనం వచ్చింది. నేను బొంత వైపే చూస్తున్నాను.

"చీరలు నీవి కాబట్టి వాటికేమీ లేదు," అంది. "మూడు వేలు."

గొంతు తగ్గలేదు. డబ్బు తీసి ఇచ్చాను. ఆమె నా ముందరే లెక్కపెట్టుకుంది, రెండుసార్లు, అన్ని నోట్లూ ఒకే వైపు తిప్పుకుంటూ. లెక్కపెట్టి బ్లౌజు సంచీలో కాకుండా గోడ అలమారలోని డబ్బాలో పెట్టింది. వచ్చి బొంతకు ఒక కొస పట్టుకొని, రెండోది నన్ను పట్టుకోమంది.